షూటింగ్ రేంజ్‌కి మల్టీటూల్ కావాలా? ‘గన్ టూల్’ జోలికి పోకండి

రేంజ్ మెయింటెనెన్స్‌కి మల్టీటూల్ (ప్లేయర్, స్క్రూడ్రైవర్, కత్తి లాంటివన్నీ ఒకే పిడిలో మడిచిన పనిముట్టు) కోసం వెతికితే మొదట కళ్లముందుకొచ్చేది లెదర్‌మన్ కంపెనీ చేసే మట్. తుపాకుల కోసమే చేశామని చెప్పుకునే టూల్ అది. మసి గీకడానికి కంచు స్క్రేపర్, పిన్నులు తట్టి తీయడానికి పంచ్, తుపాకీలో ఇరుక్కుపోయిన బోల్టును లాగే కొక్కెం, వెనక చిన్న సుత్తి. చూడగానే ముచ్చటేస్తుంది. కానీ అవన్నీ ఏఆర్ తరహా సైనిక రైఫిళ్లను ఉద్దేశించినవి. మన దగ్గర క్లబ్బుల్లో, అకాడమీల్లో, స్కూళ్లలో ఎక్కువగా ఉన్నవి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ రేంజ్‌లు. అక్కడ పెల్లెట్‌ను తోసేది గాలి. మందు కాలదు, మసి పట్టదు. కంచు స్క్రేపర్‌కి గీకడానికి ఏమీ దొరకదు. 50 మీటర్ల పాయింట్ టూటూ రైఫిళ్లకి కూడా ఆ కొక్కెంతో, ఆ సుత్తితో పనిలేదు. మట్ నాసి రకం కాదు, గట్టి వస్తువే. మన పనే వేరు.

అసలు రేంజ్‌లో రోజూ చెడేదేమిటో చూస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. టార్గెట్ ఛేంజర్ (టార్గెట్ కార్డును తాడు మీద ముందుకీ వెనక్కీ నడిపేది) మోటారు తిరిగి తిరిగి కప్పీ గ్రబ్ స్క్రూ, అంటే కప్పీని బిగించే తల లేని స్క్రూ, వదులవుతుంది. నైలాన్ తాడు సాగి జారుతుంది. కార్డు పట్టుకునే క్లిప్పు వంగుతుంది. పెల్లెట్లు వచ్చి ఆగే ట్రాప్ పెట్టె స్క్రూలు ఊడతాయి. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే పేపర్ రోల్ ఇరుక్కుంటుంది, కేబుల్ క్లిప్పులు విరుగుతాయి. ఆరుబయట 50 మీటర్ల రేంజ్‌లో చెక్క ఫ్రేముల్లో విరిగిన స్టేపుల్ పిన్నులు, తుప్పు పట్టిన నట్లు, గాలి జెండాల కర్రలకు చుట్టిన జీఐ వైరు. వీటిలో ఎక్కడా తుపాకీ లేదు. కాబట్టి కావలసినవి ఈ వరుసలో ఉంటాయి: స్క్రూడ్రైవర్, సన్నమూతి కటింగ్ ప్లేయర్, వైరు కత్తిరించే పదును, గీకుడు బిళ్ల, ఆకురాయి. కత్తి అన్నిటికంటే చివర.

ముందు స్క్రూల సంగతి. ఎక్కువ పని స్టార్ 1, స్టార్ 2 సైజుల మీద, మిగతాది 2 నుంచి 5 మిల్లీమీటర్ల అలెన్ (ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలు) మీద నడుస్తుంది. లెదర్‌మన్ వేవ్ ప్లస్, సర్జ్‌లలో బిట్లు, అంటే స్క్రూడ్రైవర్ మొనలు, మారుతాయి, కాని అవి ఆ కంపెనీ చేసే చదునైన బిట్లు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆరు పలకల మామూలు బిట్టు అందులో పట్టదు. ఆ చదును బిట్టు చేయి జారితే పెల్లెట్ల మధ్యలోకే పోతుంది, పోతే ఆ పూట పని ఆగినట్టే. విడిగా అమ్మే ఎక్స్‌టెండర్ (బిట్టును పొడిగించే కడ్డీ) కొంటే మామూలు బిట్లు పడతాయి, పైగా ట్రాప్ పెట్టె లోపలి స్క్రూలు కూడా అందుతాయి. సర్జ్ కొనేవాళ్లు ఎక్స్‌టెండర్ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి.

ఇంకో ఇబ్బంది ఉంది, కొనేటప్పుడు ఎవరికీ తట్టదు. చాలా మల్టీటూళ్లలో స్క్రూడ్రైవర్ పిడికి ఒక పక్కగా తెరుచుకుంటుంది. తిప్పుతుంటే చేయి గుండ్రంగా కాకుండా ఊగుతూ తిరుగుతుంది. బిట్టు స్క్రూ తలలో వాలుతుంది, స్టార్ గాడి అరిగిపోతుంది. గెర్బర్ సెంటర్ డ్రైవ్ దీన్ని తిన్నగా పరిష్కరించింది. బిట్ హోల్డర్ పిడి నడిమధ్య గీతలో తెరుచుకుంటుంది, పావు అంగుళం మామూలు బిట్లే పడతాయి. స్క్రూలే ప్రధానమైన రేంజ్‌కి ఇది మంచి ఎంపిక. ఏ టూల్‌తోనైనా అరిగిన స్టార్ తల ఎదురైతే ముందు అరచేతి బరువంతా మోపి, తర్వాత తిప్పండి. అయినా జారితే బిట్టుకీ తలకీ మధ్య వెడల్పు రబ్బరు బ్యాండు ముక్క పెడితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది.

విక్టోరినాక్స్ స్విస్‌టూల్‌లో బిట్లు మార్చే గొడవే లేదు. స్క్రూడ్రైవర్లు దానికే అతికి ఉంటాయి, పోవు. స్టార్ 1, 2 సైజులకు ఒకటే కొన, చదును మొనలు 2 మిల్లీమీటర్ల నుంచి 7.5 దాకా వేర్వేరుగా. అలెన్ మాత్రం లేదు. ఆ లోటును లోటుగా లెక్కేయనక్కర్లేదు. ఏ మల్టీటూల్ కొన్నా 1.5 నుంచి 6 మిల్లీమీటర్ల అలెన్ కీ సెట్టు వేరుగా ఉండి తీరాలి. గ్రబ్ స్క్రూ కప్పీ పక్కన ఇరుకులో ఉంటుంది, మల్టీటూల్ పిడి అక్కడ తిరగదు. అలెన్ కీ కొన గుండ్రంగా అరిగి జారుతుంటే పారేయొద్దు. కొన వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు గ్రైండర్ మీద కోసేస్తే కొత్త అంచు వస్తుంది. గ్రబ్ స్క్రూ మళ్లీ మళ్లీ వదులవుతుంటే మరలు శుభ్రంగా తుడిచి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి. ఎరుపు రంగుది వద్దు, అది వేడి చేస్తే తప్ప ఊడదు.

తాడు మార్చడం ప్లేయర్ పని. 10 మీటర్ల లేన్‌కి తాడు పోను 10, రాను 10. ముడులకీ, కప్పీల చుట్టుకీ కలిపి 22 మీటర్లు కోయండి. కోసిన కొనలు లైటర్‌తో కరిగించకపోతే పీచు లేచి కప్పీలో ఇరుక్కుంటుంది. ముడి టార్గెట్ క్యారియర్ దగ్గరే ఉండాలి. కప్పీ మీదుగా ముడి దాటే పరిస్థితి వస్తే వారం తిరక్కుండా తెగుతుంది. ఇక్కడ సన్నమూతి కొన ఎంత సరిగ్గా కలుస్తుందో అదే ముఖ్యం, తాడును లాగి పట్టేది ఆ కొనే. సర్జ్ ప్లేయర్ పెద్దది, పట్టు బలంగా ఉంటుంది. స్విస్‌టూల్ కొన సన్నగా ఇరుకులోకి దూరుతుంది. క్యారియర్ కదిపాక టార్గెట్ మధ్యబిందువు నేల నుంచి 1.40 మీటర్లు, 5 సెంటీమీటర్లు అటూ ఇటూ, ఉందో లేదో టేపుతో కొలవండి. స్విస్‌టూల్ పిడుల మీద 23 సెంటీమీటర్ల స్కేలు ఉంది గానీ ఈ కొలతకు అది చాలదు.

వైరు కోసే పదును దగ్గరే చవక టూళ్ల బండారం బయటపడుతుంది. జీఐ వైరు, రాగి వైరు ఏదైనా కోస్తుంది. ఛేంజర్‌కి తాడు బదులు సన్నటి స్టీల్ వైర్ రోప్ వాడే రేంజ్‌లలో మాత్రం ఆ పోగులు గట్టివి. మామూలు పదునుతో నొక్కితే అంచుకి పంటిగాటు పడుతుంది, ఆ గాటు ఇక పోదు. వైరు ఎప్పుడూ కొన దగ్గర కాదు, కీలుకు దగ్గరగా, గట్టి వైరుకని ఇచ్చిన గాడిలో పెట్టాలి. సర్జ్, వేవ్ ప్లస్, రీబార్‌లలో ఈ పదును ముక్కలు విప్పి కొత్తవి బిగించుకోవచ్చు. వైర్ రోప్ ఉన్న రేంజ్‌కి ఈ ఒక్క కారణం చాలు లెదర్‌మన్ వైపు మొగ్గడానికి. స్విస్‌టూల్‌కి గట్టి వైరు గాడి ఉంది, కాని ముక్కలు మార్చుకునే వీలు లేదు. దాని కీళ్లు రివెట్లు, ఇంట్లో విప్పలేం.

లాక్ లేని టూల్ అసలు కొనొద్దు. ట్రాప్ అడుగున అతుక్కున్న సీసం రేకును గీకేటప్పుడు బలమంతా కొన మీదే పడుతుంది. లాక్ లేకపోతే మొన మడుచుకుని వేళ్ల మీదకొస్తుంది. స్విస్‌టూల్‌లో ప్రతి మొనకీ లాక్ ఉంది, పైగా ప్లేయర్ తెరవకుండా బయటి నుంచే అన్నీ తీయొచ్చు. గీకుడుకి విడిగా ఉలి మొన కూడా ఉంది. ఈ పనిలో దీన్ని మించింది లేదు.

సీసం మాటొచ్చింది కాబట్టి ఆ లెక్క చూడండి. మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. 10 లేన్లలో లేన్‌కి 100 షాట్లు పడితే రోజుకి అర కిలో పైనే సీసం ట్రాపుల్లో చేరుతుంది. నుజ్జయిన పెల్లెట్ల మీద పొడి ఉంటుంది. చీపురుతో ఊడిస్తే, గాలి పైపుతో కొడితే అది ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డతో తుడవాలి, చేతికి గ్లోవ్స్, ముక్కుకి ఎన్-95 మాస్కు. గీకిన టూల్‌తోనే తర్వాత జామకాయ కోసుకోవడం, పాల ప్యాకెట్ కత్తిరించడం చాలా చోట్ల మామూలైపోయింది. ట్రాప్ పనికి వాడే టూల్‌కి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టేయండి, అది తిండి దగ్గరికి రాదని అందరికీ తెలుస్తుంది. కీళ్ల సందుల్లో పొడి చేరుతుంది కాబట్టి వారానికోసారి మొనలన్నీ తెరిచి సబ్బునీళ్లలో బ్రష్‌తో కడగాలి. పూర్తిగా ఆరాక కీలుకో చుక్క కుట్టుమిషను నూనె. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ నూనె మానేస్తే స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నదానికి కూడా గోధుమరంగు చుక్కలు వస్తాయి.

మల్టీటూల్ ముట్టకూడనివి మూడు. మొదటిది తుపాకీకి బిగించే ఎయిర్ సిలిండర్. అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. చేత్తో తిరగని సిలిండర్‌ను ప్లేయర్‌తో తిప్పితే మరలు పోతాయి, లేదా గాలి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌ను కత్తి కొనతో తీస్తే గాడిలో గీత పడి కొత్త రింగ్ వేసినా గాలి కారుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ పుల్ల, లేదంటే వెదురు పంటిపుల్ల వాడాలి. రింగ్‌కి సిలికాన్ గ్రీజే రాయాలి. కుట్టుమిషను నూనె అక్కడ పొరపాటున కూడా వద్దు, అధిక ఒత్తిడి గాలిలో పెట్రోలియం నూనె అంటుకుని పేలగలదు. రెండోది ట్రిగ్గర్. ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాముల బరువు ఆగాలని నియమం. స్క్రూ ఒక చుట్టు అటూ ఇటూ అయితే షూటర్ ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే పోటీకి ముందు తుపాకులు తనిఖీ చేసే చోట, ఆగిపోతాడు. మూడోది కరెంటు. 10 మీటర్ల రేంజ్‌లో టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుగు ఉండాలి కాబట్టి ఎల్‌ఈడీ లైట్ల పని తరచూ పడుతుంది. మల్టీటూల్ పిడి ఉత్త లోహం, ఇన్సులేషన్ ఉండదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, అప్పుడు చేయి పెట్టండి.

ఏది కొనాలి? ఇండోర్ 10 మీటర్ల రేంజ్‌కి స్విస్‌టూల్, అలెన్ సెట్టు. బరువు సుమారు 280 గ్రాములు, మూసినప్పుడు 11.5 సెంటీమీటర్లు. చెక్క ఫ్రేములు, వైర్ రోప్ ఉన్న ఆరుబయట రేంజ్‌కి సర్జ్. 350 గ్రాములకు అటూ ఇటూ బరువు, జేబులో వేలాడుతుంది, నడుముకి పౌచ్ తప్పదు. దాని రంపం, ఆకురాయి అరిగితే టీ-షాంక్ జిగ్‌సా బ్లేడు హార్డ్‌వేర్ షాపులో కొని బిగించొచ్చు. రోజూ ఫ్రేములు కోసే చోట ఈ ఒక్కటే దాని బరువును క్షమించేలా చేస్తుంది. వేవ్ ప్లస్ 241 గ్రాములు, కోచ్ జేబులో పెట్టుకోడానికి బాగుంటుంది, రోజంతా మోటు పనికి చిన్నది. రీబార్ 190 గ్రాములే, బిట్లు మారవు, రెండో టూల్‌గా సరే.

షాపులో చేతికిచ్చినప్పుడు మూడు పరీక్షలు. పలచటి కాగితాన్ని ప్లేయర్ కొనల మధ్య పట్టి లాగండి, జారి వచ్చేస్తే వదిలేయండి. మొన తెరిచి లాక్ పడ్డాక వెనక్కి నొక్కండి, కొద్దిగా కదిలినా వద్దు. పిడులు రెండూ పూర్తిగా మూసినప్పుడు అరచేతిని గిల్లుతున్నాయేమో చూడండి, గిల్లేది వంద స్క్రూలు తిప్పాక బొబ్బ లేపుతుంది. బజార్లలో ఇదే ఆకారంలో, ఇదే పేరు చెక్కిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి. లెదర్‌మన్‌కి 25 ఏళ్ల వారంటీ, విక్టోరినాక్స్‌కి తయారీ లోపాలపై జీవితకాల గ్యారంటీ ఉన్నాయి. బిల్లు లేకుండా కొంటే ఆ రెండూ మాటలే. అలెన్ కీలు, బిట్లు మాత్రం సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి పనిముట్ల బజారులో కొన్నా చాలు.

లేన్ దాటి టార్గెట్ దగ్గరికి నడిచే ముందు ప్రతి తుపాకీలో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ గానీ తూటా గానీ లేదని చూపే రంగు దారం) ఉండాలి. ఎయిర్ రైఫిల్‌కి ఆ దారం బ్యారెల్ చివర బయటికి కనబడేంత పొడుగు ఉండాలి, షూటర్లు తుపాకులు కింద పెట్టి వెనక్కి జరగాలి. రెండు నిమిషాల స్క్రూ పనే కదా అని పక్క లేన్‌లో షూటింగ్ నడుస్తుండగా వెళ్లకూడదు. పోటీలకి విమానంలో వెళ్తుంటే మల్టీటూల్, అలెన్ సెట్టు రెండూ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర అక్కడే వదిలేసి వెళ్లాలి.