కరీబియన్ క్రూయిజ్: షిప్ వాళ్ల టూర్ కొనాలా, సొంతంగా తిరగాలా?

కరీబియన్ క్రూయిజ్ బుక్ చేసుకున్న మనవాళ్లు కేబిన్ సంగతి తేలగానే అడిగే ప్రశ్న ఇదే. పోర్టుల్లో షిప్ వాళ్లు అమ్మే ఎక్స్‌కర్షన్లు, అంటే ఒడ్డు మీద తిప్పి తెచ్చే టూర్లు తీసుకోవాలా, దిగి మనమే టాక్సీ మాట్లాడుకోవాలా? మేం డల్లాస్ దగ్గర ఉంటాం. గాల్వెస్టన్ రేవు సుమారు ఐదు గంటల డ్రైవ్. అందుకే కొన్నేళ్లుగా ఎక్కువగా అక్కడి నుంచి, టికెట్లు చవగ్గా దొరికితే ఫ్లోరిడా నుంచి క్రూయిజ్ ఎక్కుతున్నాం. ఇద్దరమే వెళ్లాం, పిల్లలతో వెళ్లాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ తీసుకెళ్లాం. రెండు పద్ధతులూ బాగానే వాడి చూశాం.

షిప్ టూర్ ఖరీదెక్కువ, బయట చవక అనే మాట నిజమే. అయినా నేను డబ్బు చూసి నిర్ణయించను. ఓడకీ, వెళ్లాలనుకున్న చోటుకీ మధ్య ఏముందో చూస్తాను. మధ్యలో సముద్రమో, కొండల్లో ఒకటే రోడ్డో ఉంటే షిప్ వాళ్ల టూరే కొంటాను. టాక్సీలు బోలెడు తిరిగే అరగంట దారైతే సొంతంగానే వెళ్తాం.

మెక్సికోలోని కోజుమెల్‌నే తీసుకోండి. అది ఒక దీవి. దీవి వరకే తిరగాలంటే షిప్ టూర్ దండగ. రేవు బయటే టాక్సీలు ఉంటాయి, బీచ్ క్లబ్బులు ఉంటాయి, శాన్ హెర్వాసియోలో ఇష్‌చెల్ దేవత కోసం మాయన్లు కట్టిన శిథిలాలు ఉన్నాయి. సముద్రం అవతల ప్రధాన భూభాగంలో ఉన్న మాయన్ శిథిలాలు తులుమ్, చిచెన్ ఇట్జా చూడాలంటే మాత్రం కథ వేరు. ముందు ఫెర్రీలో ముప్పావు గంట ప్రయాణం చేసి ప్లాయా దెల్ కార్మెన్‌లో దిగాలి. అక్కడి నుంచి తులుమ్ గంట దూరం, చిచెన్ ఇట్జాకి బస్సులో రెండున్నర గంటలు. తిరుగు ప్రయాణమూ అంతే. సముద్రం కాస్త పొంగితే ఫెర్రీలో సగం మంది వాంతులు చేసుకుంటూ కనిపిస్తారు. గాలి మరీ ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు కూడా. అలాంటప్పుడు షిప్ టూర్‌లో ఉన్నవాళ్ల కోసం ఓడ ఆగుతుంది. ఒకవేళ ఆగలేకపోయినా తర్వాతి పోర్టుకు చేర్చే బాధ్యత క్రూయిజ్ కంపెనీదే. సొంతంగా వెళ్లినవాళ్లకి ఆ భరోసా లేదు.

కోజుమెల్‌లో ఇంకో తిరకాసు గడియారం. ఆ రాష్ట్రం, అంటే కింతానా రో, 2015 ఫిబ్రవరి నుంచి ఏడాది పొడుగునా ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్‌లోనే ఉంటుంది, అమెరికాలోలా వేసవిలో గంట ముందుకు జరపదు. ఎండాకాలంలో మయామీ నుంచి వచ్చిన ఓడ తన టైమ్ మార్చుకోకపోతే, ఓడలో నాలుగయినప్పుడు ఒడ్డున మన ఫోన్‌లో మూడే కనిపిస్తుంది. బీచ్‌లో పడుకుని ఇంకా బోలెడు టైమ్ ఉందనుకునే వాళ్లు చాలామంది. గాల్వెస్టన్ టైమ్ మయామీ కంటే గంట వెనక కాబట్టి అక్కడి ఓడకి వేసవిలో ఈ తేడా రాదు. చలికాలంలో వచ్చినా ఫోనే గంట ముందుంటుంది కాబట్టి ప్రమాదం లేదు. ఫ్లోరిడా నుంచి వెళ్తే మాత్రం ఫోన్‌ని నమ్మొద్దు. మా ఇంట్లో ఈ పనికి నాన్న చేతి గడియారం ఉంది. ఓడ టైమ్ పెట్టుకున్నాక ఆయన దాన్ని ముట్టుకోనివ్వరు.

ఓడ సాయంత్రం అయిదుకి కదులుతుందంటే ఎక్కాల్సిన ఆఖరి టైమ్ సాధారణంగా దానికి అరగంట ముందు ఉంటుంది. పై డెక్ మీద నిలబడి చూస్తే, ఆ అరగంటలో రేవు మీద చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లు ఏదో ఒక పోర్టులో తప్పకుండా కనిపిస్తారు. పైనున్న జనం ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు. ఒకసారి మా కళ్లముందే ఒక జంట వచ్చేసరికి నిచ్చెన తీసేశారు. ఓడకీ రేవుకీ మధ్య నీళ్లు పెరుగుతుంటే ఆవిడ ఇసుక బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి అది ఖర్చుతో పోయే తలనొప్పి. మనవాళ్లలో చాలామందిది ఇండియన్ పాస్‌పోర్ట్, పైగా అమ్మానాన్నలది విజిటర్ వీసా. ఏ దీవిలో ఏ వీసా అడుగుతారో ఒక్కో చోట ఒక్కో తీరు. అందుకే పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు దూరం వెళ్లాల్సిన ఏ పోర్టులోనూ నేను బేరాలు చూడను, షిప్ టూరే తీసుకుంటాను. పాస్‌పోర్టులు కూడా కేబిన్ లాకర్‌లో వదలం, వెంటే ఉంచుకుంటాం.

ఇక షిప్ టూర్లలో నాకు నచ్చనిది. ఒక దీవిలో "ఐలాండ్ హైలైట్స్" అనే బస్సు టూర్ కొన్నాం. నలభై మంది జనం. ఎక్కడ ఆగినా ఆఖరి మనిషి వచ్చేదాకా పెళ్లి బస్సులా కదలదు. వ్యూ పాయింట్ దగ్గర పది నిమిషాలిచ్చి, దారిలో నగల దుకాణం ముందు ఆపి నలభై నిమిషాలు లోపల ఏసీలో కూర్చోబెట్టారు. అడిగితే అది కూడా టూర్‌లో భాగమేనన్నాడు గైడ్. తిరిగొచ్చాక గెస్ట్ సర్వీసెస్‌లో చెబితే చక్కగా రాసుకున్నారు, అంతే. అప్పట్నించి టూర్ వివరాల్లో షాపింగ్ అనే మాట కనపడితే చాలు, వద్దనుకుంటాను. ఊరి మీదుగా బస్సులో తిప్పి తెచ్చే టూర్ ఏ పోర్టులోనైనా డబ్బుకి తగ్గది కాదనేది నా అభిప్రాయం.

ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో అసలు టూరే అక్కర్లేదు. ఓడ దిగితే పాత ఊరు ఎదురుగానే ఉంటుంది. నీలిరంగు రాళ్లు పరిచిన వీధుల్లో నడుచుకుంటూ శాన్ క్రిస్టోబల్ కోట, అక్కడి నుంచి ఎల్ మోర్రో కోట చూసి రావచ్చు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే కోటలవి. పెద్దవాళ్లకి 10 డాలర్ల టికెట్‌తో రెండూ చూడనిస్తారు, పదిహేనేళ్ల వరకు పిల్లలకి ఉచితం. ఎండ మాత్రం మన మే నెల ఎండే, గొడుగు ఉండాలి. ఎల్ మోర్రో ముందున్న పెద్ద పచ్చిక మైదానంలో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే మావాళ్లూ ఒకటి కొనిపించుకున్నారు. ఆరోజు అయిన పెద్ద ఖర్చు అదే. బహామాస్‌లోని నాసావ్ కూడా ఇంతే, 66 మెట్ల క్వీన్స్ స్టెయిర్‌కేస్ దాకా నడిచి వెళ్లి రావచ్చు.

యూఎస్ వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లోనూ సొంతంగానే తిరుగుతాం. ట్రక్కు వెనకాల బెంచీలు బిగించి పైన కప్పు వేసిన సఫారీ టాక్సీలు రేవు దగ్గరే వరసగా ఉంటాయి. రేట్లు ప్రభుత్వం నిర్ణయించినవే, అదీ మనిషికింత అని. కాకపోతే బండి నిండేదాకా డ్రైవర్ కదలడు, తొందరపెట్టి లాభం లేదు. మాగెన్స్ బేలో అల తక్కువ, లోతు నెమ్మదిగా పెరుగుతుంది, చిన్నపిల్లలకి నాకు తెలిసిన బీచ్‌లలో అదే మేలు. అమెరికా భూభాగమే కాబట్టి ఫోన్ కూడా మామూలుగానే పనిచేసింది.

సెయింట్ మార్టిన్‌లో విమానాలు తల మీదుగా దిగే మాహో బీచ్‌కి షేర్ వ్యాన్లు దొరుకుతాయి. వెళ్లడం తేలిక, రావడమే కష్టం. సింప్సన్ బే దగ్గర పడవల కోసం వంతెన లేపితే ట్రాఫిక్ మొత్తం ఆగిపోతుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి బయల్దేరిపోవాలి. పెద్ద విమానం లేచేటప్పుడు రన్‌వే కంచె దగ్గర నిలబడొద్దని అక్కడ బోర్డులున్నాయి, అవి ఊరికే పెట్టినవి కావు. 2017లో విమానం ఇంజిన్ల గాలి దెబ్బకి ఒకావిడ చనిపోయింది.

జమైకాలోని డన్స్ రివర్ జలపాతానికి ఫాల్మత్ రేవు నుంచి గంటకు పైనే పడుతుంది. అది షిప్ టూర్‌లో వెళ్లాం, వెళ్లడం మంచిదైంది. సుమారు 600 అడుగుల పొడవున మెట్లుమెట్లుగా దిగే నీళ్లలో, పదిమంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా పైకెక్కాలి. ముందు గైడ్ నడుస్తూ ఏ రాయి మీద కాలు పెట్టాలో అరుస్తుంటాడు. రబ్బరు అడుగున్న నీటి బూట్లు లేకపోతే జారడం ఖాయం. అక్కడే అద్దెకిస్తారు గానీ ఇంటి నుంచి తీసుకెళ్తే చవక. మోకాళ్ల నొప్పులున్న అమ్మ పక్కనే ఉన్న పొడి మెట్ల మీదుగా ఎక్కి, ఒక్కో మలుపు దగ్గరా మా కోసం ఎదురుచూస్తూ ఫోటోలు తీసింది. టూర్‌లో ఇచ్చే భోజనంలో కోడి కూర తప్ప ఏమీ లేదని ముందే అడిగి తెలుసుకున్నాం కాబట్టి, శాకాహారులు కూరగాయలు కూరిన పాటీలతో సరిపెట్టుకున్నారు.

బెలీజ్‌లో తీరం దగ్గర లోతు లేక ఓడలు మైళ్ల దూరంలో ఆగుతాయి. టెండర్లనే చిన్న పడవల్లో ఒడ్డు చేరాలి, ఆ పైన రోడ్డు ప్రయాణం. అక్కడ రెండో ఆలోచన లేకుండా షిప్ టూరే. సెయింట్ లూసియాలో కాస్ట్రీస్ రేవు నుంచి పిటాన్ కొండల దాకా గంటన్నర మలుపుల ఘాట్ రోడ్డు. వాంతులయ్యే పిల్లలుంటే పడవ టూర్ చూసుకోండి.

గ్రాండ్ కేమన్ విషయంలో మాత్రం నా సూత్రం నేనే పాటించను. అక్కడా టెండర్ పడవల్లోనే దిగాలి. అయినా స్టింగ్‌రే సిటీకి లోకల్ వాళ్ల చిన్న పడవలోనే వెళ్తాం. నడుము లోతు ఇసుక తిన్నె మీద నిలబడితే స్టింగ్‌రేలు, అంటే టేకు చేపలు కాళ్లకి రాసుకుంటూ పోతాయి. చిన్న పడవకి జనం తక్కువ, నీళ్లలో గడిపే టైమ్ ఎక్కువ. ఓడ టైమ్ కాకుండా ఆఖరి టెండర్ టైమ్ చూసుకుని, దానికి రెండు గంటల ముందే రేవుకి చేరేలా ఉండే ట్రిప్పే బుక్ చేస్తాను. గాలివానకి ఓడ ఆ పోర్టు వదిలేసి వెళ్లిపోవడం అక్కడ మామూలే. షిప్ టూర్ అయితే డబ్బు దానంతటదే వెనక్కొస్తుంది. లోకల్ వాళ్లలో కూడా ఓడ రాకపోతే డబ్బు తీసుకోని వాళ్లున్నారు. అడ్వాన్స్ కట్టేముందు ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకోండి.

టాక్సీ ఎక్కేముందు రేటు బండికా మనిషికా, ఒకవైపుకా రెండువైపులకా, అమెరికన్ డాలర్లలోనేనా అని అడగండి. కేమన్ డాలర్ మన చేతిలోని డాలర్ కంటే ఖరీదు. ఒకటి, అయిదు నోట్లు దండిగా పెట్టుకోండి, ఇరవై ఇస్తే చిల్లర లేదనే డ్రైవర్లు ప్రతి దీవిలోనూ ఉన్నారు.