మానేరు నీళ్లకు జింక్ ఆనోడ్ ఎందుకు వద్దంటానంటే

లోయర్ మానేరు డ్యాంలో తిరిగే పడవల ఔట్‌బోర్డ్ మోటార్లకు, అంటే పడవ వెనక బయట బిగించే మోటార్లకు, సర్వీసింగ్ చేయడం నా పని. మోటారు లోహం పాడవకుండా, దాని బదులు తానే అరిగిపోయేలా పక్కన బిగించే లోహపు ముక్కనే ఆనోడ్ అంటాం. కరీంనగర్‌కు రాకముందు చాలాకాలం కాకినాడలో వేటకు వెళ్లే ఫైబర్ పడవల మోటార్లు చూశాను. అందుకే జింక్, అల్యూమినియం, మెగ్నీషియం ఆనోడ్లు మూడూ ఉప్పునీళ్లలో, మంచినీళ్లలో ఎలా అరుగుతాయో ఏళ్ల తరబడి దగ్గరుండి చూశాను. లక్నవరం, పాకాల లాంటి చెరువుల్లో మోటారు పడవ దింపాలనుకునేవాళ్లు ఏ ఆనోడ్ కొనాలని అడుగుతుంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. పడవ ఎప్పటికీ చెరువు దాటదంటే మెగ్నీషియం కొనండి. ఇటు చెరువు, అటు గోదావరి సముద్రంలో కలిసే చోటు అంటూ తిప్పేదైతే అల్యూమినియం. జింక్‌ను సముద్రానికి వదిలేయండి.

కారణం అర్థమైతే కొనేటప్పుడు టెన్షన్ ఉండదు. నీళ్లలో మునిగి ఉండే కింది భాగం, అంటే మోటారు గేర్ కేసు, అల్యూమినియం మిశ్రమం, ప్రొపెల్లర్ షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ నీళ్లలో మునిగితే సన్నగా కరెంటు పుడుతుంది. వాటిలో తేలిగ్గా కరిగే లోహం, అంటే గేర్ కేసు, మెల్లగా కరిగిపోతుంది. అంతకన్నా తేలిగ్గా కరిగే ముక్కను పక్కన బిగిస్తే ఆ నష్టమంతా ఆ ముక్క భరిస్తుంది. హంఫ్రీ డేవీ 1824లోనే బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగు మీద ఇనుము, జింక్ ముక్కలతో దీన్ని చేసి చూపించాడు. సూత్రం ఇప్పటికీ అదే.

తేడా అంతా నీళ్లలో ఉంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి కరెంటు సులువుగా పారుతుంది. చెరువు నీళ్లలో ఆ దారి చాలా ఇరుకు. సముద్రంలో కొలిస్తే జింక్ సుమారు మైనస్ 1.03 వోల్టులు చూపిస్తుంది, ఆనోడ్‌కు వాడే అల్యూమినియం మైనస్ 1.1 దగ్గర, మెగ్నీషియం మైనస్ 1.5 దాకా. మైనస్ ఎంత ఎక్కువైతే కరెంటును నెట్టే తోపుడు అంత ఎక్కువ. మంచినీళ్లలో గేర్ కేసును కాపాడాలంటే ఆ ఎక్కువ తోపుడు కావాలి. అది ఉన్నది మెగ్నీషియానికే.

జింక్‌తో అసలు ప్రమాదం వేరే ఉంది. మంచినీళ్లలో కొన్ని నెలలు ఉంటే దాని మీద తెల్లటి గట్టి పొర పేరుకుంటుంది. ఆ పొర వచ్చాక అది ఇక కరగదు. పడవ యజమాని మోటారు పైకెత్తి చూసి, ముక్క కొత్తదానిలా నిండుగా ఉంది, ఇంకో ఏడాది నడుస్తుందని సంతోషపడతాడు. ఆ పక్కనే గేర్ కేసు మీద పెయింట్ పొక్కులు లేచి, కింద లోహం గుంటలు పడుతుంటుంది. మానేరులో నా చేతికి వచ్చిన మోటార్లలో ఇదే ఎక్కువగా చూశాను. కాకినాడలో మా మేస్త్రి ఆనోడ్ చేతికి తీసుకుని, "అరిగితేనేరా అది పని చేసినట్టు" అనేవాడు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేనూ మొదట చెప్పేది ఆ మాటే. అరగని ఆనోడ్ కనిపిస్తే అనుమానించండి.

మెగ్నీషియం మానేరులో చక్కగా, అంతటా సమానంగా అరుగుతుంది. గేర్ కేసు శుభ్రంగా ఉంటుంది. లోపం ఏమిటంటే మిగతా రెండింటికన్నా తరచుగా మార్చాలి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి లవణాలు చిక్కబడ్డాక ఇంకా త్వరగా పోతుంది. ఊరి మురుగు కలిసే చెరువుల్లోనూ అంతే, అలాంటిచోట నేను అల్యూమినియమే బిగిస్తాను. మెగ్నీషియం ఉన్న పడవను మాత్రం సముద్రంలో దింపకండి. ముక్క చూస్తుండగానే కరిగిపోతుంది. పైగా తోపుడు మరీ ఎక్కువై గేర్ కేసు పెయింట్ లేచిపోతుంది, దాని కింది అల్యూమినియం కూడా దెబ్బతింటుంది.

అల్యూమినియం అంటే వంటపాత్ర అల్యూమినియం కాదు. అది తన మీద తానే పొర కట్టుకుని ఊరుకుంటుంది. ఆనోడ్‌లో సుమారు 5 శాతం జింక్, చిటికెడు ఇండియం అనే లోహం కలుపుతారు, ఆ పొర నిలవకుండా. కాకినాడలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మాకు ఆనోడ్లు మార్చే కాలం అదే. ఒకే సైజు ముక్కల్లో జింక్ అరిగిపోయి వస్తే అల్యూమినియం ఇంకా కొంత మిగిలి ఉండేది. కిలో జింక్ మొత్తం మీద సుమారు 780 ఆంపియర్ గంటల కరెంటు ఇస్తే, కిలో అల్యూమినియం 2,500 దాకా ఇస్తుంది. బరువూ తక్కువే. ఇంకో మాట, జింక్ ఆనోడ్ మిశ్రమంలో కొద్దిగా కాడ్మియం అనే విషపు లోహం ఉంటుంది. మానేరు డ్యాం నీళ్లు కరీంనగర్ తాగే నీళ్లు, మత్స్యకారులు వలలు వేసే నీళ్లు. ఈ ఒక్క కారణంతోనైనా ఇక్కడ జింక్ వద్దంటాను.

ఏది కొన్నా బిగింపు సరిగా లేకపోతే డబ్బు దండగ. ఆనోడ్ కూర్చునే చోట పెయింట్, మట్టి లేకుండా ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేలా రుద్దాలి. మల్టీమీటర్ ఒక కాలు ఆనోడ్ మీద, రెండోది గేర్ కేసు లోహం మీద పెడితే ఒక ఓమ్ లోపు చూపాలి. మోటారుకు పెయింట్ వేయిస్తుంటే ఆనోడ్‌కు ముందే టేపు చుట్టండి, రంగు పడిన ఆనోడ్ ఇక లేనట్టే. ఒక్కో చోట ఒక్కో లోహం బిగించకండి, మెగ్నీషియం పక్కన జింక్ ఉంటే మెగ్నీషియం దాన్ని కూడా కాపాడుతూ త్వరగా అయిపోతుంది. సగం అరగగానే మార్చేయాలి.

ఏ లోహమో ప్యాకెట్ మీద రాసి లేకపోతే చేత్తో తూచి చూడండి. జింక్ ముక్క ఇనుములా బరువుంటుంది, మెగ్నీషియం ఆశ్చర్యపోయేంత తేలిక. గీరిన చోట ఒక చుక్క వెనిగర్ వేస్తే మెగ్నీషియం వెంటనే బుడగలు కక్కుతుంది.

కోస్తా నుంచి సెకండ్ హ్యాండ్ మోటారు తెచ్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బయట కనిపించే ముక్కే కాకుండా, మోటారును పడవకు బిగించే క్లాంప్ బ్రాకెట్ మీద ఇంకొకటి, పెద్ద మోటార్లలో ఇంజిన్ బ్లాకు లోపల నీళ్లు తిరిగే దారిలో చిన్న ఆనోడ్లు ఉంటాయి. లోపలివి చాలామంది ఒక్కసారి కూడా తెరవరు. ఉప్పు పేరుకుని బోల్టు పట్టేసి ఉంటుంది, తొందరపడి తిప్పితే విరుగుతుంది. నూనె వేసి ఒక రాత్రి వదిలేసి మెల్లగా తీయించండి. చెరువులో దింపకముందే అన్నీ ఒకేసారి మార్పించుకోండి.