టెడ్ బిగించి ఇచ్చే వలల దుకాణం: ఒక బోటు ఓనరు రివ్యూ

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకో సోనా బోటు (ట్రాల్ వల లాగే మర బోటు) ఉంది. రొయ్యల వలకు టెడ్ బిగించుకోవాలనుకునే తోటి ఓనర్ల కోసం ఇది రాస్తున్నాను. టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అంటే వల సంచికి ముందు అమర్చే స్టీలు చట్రం. కడ్డీల సందుల్లోంచి రొయ్య సంచిలోకి పోతుంది. తాబేలు కడ్డీలకు తగిలి, పైనున్న కంతకు మూతలా ఉండే వల రెక్కను తోసుకుని బయటపడుతుంది. మన రాష్ట్రంలో రొయ్యల ట్రాల్ వలకు ఇది ఉండి తీరాలి.

హార్బర్ దగ్గరి ఈ దుకాణంలో నాకు బాగా నచ్చింది పెద్దాయన పని. చట్రం కుట్టాక వలను నేలమీద పరిచి సరే అనడు. పైకి వేలాడదీసి కోణం చూస్తాడు, 45 డిగ్రీలకు వచ్చేదాకా విప్పి మళ్లీ కుడతాడు. చట్రం మరీ నిటారుగా ఉంటే చెత్తా తాబేలూ కడ్డీలకే ఆనుకుపోతాయి. మరీ వాలిపోతే రొయ్య రెక్క సందులోంచి జారిపోతుంది. "టెడ్ పెడితే రొయ్యంతా బయటికే పోద్ది" అని మన కళాసీలు అనేదానికి చాలాసార్లు ఈ కోణమే కారణం. చట్రం బరువుకు వల ఒరగకుండా రెండు పక్కలా బెండ్లు కూడా కట్టి ఇచ్చాడు.

మా సరంగు (బోటు నడిపేవాడు) మెల్లగా, "పెద్దాయనా, ఆ రెక్కని నాలుగు కుట్లేసి మూసెయ్, తనిఖీకి వస్తే విప్పేస్తాం" అన్నాడు. ఆయన చేతిలో దారం కింద పెట్టేశాడు. "అలాగైతే వల తీసుకుపో బాబూ, నేను కుట్టను" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఈ దుకాణానికి మళ్లీ వెళ్తాను. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వస్తాయి. వలలో చిక్కితే ఊపిరాడక చస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో వాటికి మొదటి షెడ్యూల్ రక్షణ, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉంది. బీచ్‌లో చచ్చిపడున్న తాబేలును చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మన కడుపుకూ దీనితో లింకుంది. తాబేళ్ల రక్షణ సరిపోవట్లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు, వెళ్తూనే ఉంది. నష్టం పడింది వేటకెళ్లే మన మీదే. రెక్క కుట్టేసే ప్రతి బోటూ ఆ తలుపును ఇంకా గట్టిగా బిగిస్తోంది.

ఇక లోపాలు. రెక్కకు వాడిన వల నాసిరకం. కొన్నాళ్లకే అంచు చీకిపోయి, అక్కణ్నుంచి రొయ్య పోవడం మొదలైంది. కొత్త ముక్క వేశారు కానీ కుట్టుకూలి మళ్లీ తీసుకున్నారు. అది న్యాయం కాదు, పెద్దాయనకు మొహం మీదే చెప్పాను. బిల్లులో కూడా 'వల పని' అని రాసి ఊరుకుంటారు. చట్రం కొలత, టెడ్ బిగించినట్టు రాయించుకోండి, తనిఖీలో చూపించడానికి పనికొస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, అందరూ జూన్‌లోనే ఎగబడతారు. అప్పుడు కోణం చూసే ఓపిక ఆయనకు ఉండదు. మే మొదట్లోనే వల ఇచ్చేయండి, రెక్కకు మంచి వల మీరే కొని పట్టుకెళ్లండి. ఐదుకు నాలుగు స్టార్లు.