లా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్: కాగితం పనికి వెళ్లండి, వాయిదా పనికి కాదు

అర్జీ రాయించుకోవాలన్నా, చేతిలో ఉన్న కాగితాలతో ఏ ఆఫీసు గడప తొక్కాలో తేల్చుకోవాలన్నా లా కాలేజీ క్లినిక్ మంచి చోటు. డబ్బు తీసుకోరు, ఓపిగ్గా వింటారు. కోర్టులో నిలబడి వాదించే మనిషి మాత్రం అక్కడ దొరకడు. ఇది తెలియక వెళ్లినవాళ్లే ఉసూరుమంటూ తిరిగొస్తారు.

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీ ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో, చివరి ఏడాది విద్యార్థులతో క్లినిక్ నడపాలి. విద్యార్థికి ఇంకా సనదు, అంటే కోర్టులో వాదించే అనుమతి పత్రం, ఉండదు. జీతం తీసుకునే పూర్తికాలపు లెక్చరరు ప్రాక్టీసు చేయకూడదు. చట్టం చదివినవాళ్లు అంతమంది ఉన్న గదిలో వకాల్తా వేయగలవాడు ఒక్కడూ లేకపోవడం వింతే. అందుకే జిల్లా న్యాయసేవాధికార సంస్థతో సంబంధం ఉన్న క్లినిక్‌కే విలువ. కేసు వేయక తప్పదనుకుంటే విద్యార్థులు వివరాలు రాసి అక్కడికి పంపుతారు, ప్యానల్ లాయరును, అంటే తన జాబితాలోని లాయరును, ఆ సంస్థ ఇస్తుంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా లాయరు ఉచితం.

క్లినిక్ మంచిదో కాదో మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది. ఇద్దరు విద్యార్థులు కూర్చోవాలి: ఒకరు అడగాలి, ఇంకొకరు రాయాలి. కథ మొత్తం వినేలోపే తేదీలు అడగాలి, ఎందుకంటే గడువు దాటితే ఎంత మంచి అర్జీ అయినా చిత్తుకాగితమే. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. చెక్కు ఇచ్చినవాళ్లకు ఆ నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. వినియోగదారుల ఫిర్యాదుకైతే రెండేళ్ల గడువుంది. కాగితాలకు జిరాక్స్ తీసుకుని ఒరిజినల్స్ అప్పటికప్పుడు చేతికివ్వాలి. పాసుపుస్తకం, దస్తావేజు, చెక్కు 'ఉంచి వెళ్లండి' అంటే ఉంచకండి. సలహా అదే రోజు విద్యార్థి నోటినుంచి వస్తే అది అధ్యాపకుడు చూడని సలహా. రెండు మూడు రోజులు ఆగి, కాగితం మీద ఇచ్చేదే నమ్మదగింది.

వీళ్లు బాగా చేసే పనుల్లో మొదటిది వృద్ధుల మనోవర్తి. పిల్లలు పట్టించుకోని తల్లిదండ్రులు 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. తాము వెళ్లలేని స్థితిలో ఉంటే వేరొకరికి అధికారమిచ్చి పెట్టించవచ్చు. లాయర్లు అవసరం లేకుండా నడవాలనే ఆ ట్రిబ్యునల్‌ను పెట్టారు కాబట్టి సనదు లేకపోవడం ఇక్కడ లోటు కాదు. రెండోది సమాచార హక్కు అర్జీ. సొంతంగా రాసుకునేవాళ్లు 'నా పింఛను ఎందుకు ఆపారు' అని అడుగుతారు. ఆఫీసుకు సంజాయిషీ చెప్పే బాధ్యత లేదు, రికార్డు ఇచ్చే బాధ్యతే ఉంది. 'నా దరఖాస్తుపై ఇప్పటివరకు నడిచిన ఫైలు నకలు ఇవ్వండి' అని మారిస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వక తప్పదు. తెలుగు రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. వినియోగదారుల కమిషన్ ఫిర్యాదులూ బాగానే రాస్తారు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చు.

లోపాలకూ తక్కువ లేదు. పెద్దది సెమిస్టర్ పరీక్షలు. ఆ నెల క్లినిక్ తలుపు తెరిచి ఉన్నా పని ముందుకు కదలదు. మే నెలలో పాత బ్యాచ్ వెళ్లిపోతుంది, కొత్తవాళ్లకు మీ ఫైలు ఏమిటో తెలియదు. కేసు నంబరు, తదుపరి తేదీ, బాధ్యుల పేర్లు రాసిన రిజిస్టరు లేనిచోట ఇది ప్రతి ఏడూ జరిగేదే. అసలు చిక్కు మార్కుల్లో ఉంది. మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టు వాదన) పేపరులో క్లయింటుతో మాట్లాడే తీరును రెండుసార్లు చూసి డైరీ రాస్తే 15 మార్కులు. చూడమన్నారు తప్ప ఆర్నెల్లు ఒక ఫైలు మోయమని ఎక్కడా లేదు. దాంతో చాలా కాలేజీల్లో క్లినిక్ అంటే ఏడాదికో గ్రామ శిబిరం, ఒక బ్యానరు, గ్రూపు ఫొటో. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైలుకు అది సరిపోతుంది, అర్జీదారుకు కాదు.

గోప్యత సంగతి ఇంకొంచెం సున్నితం. క్లయింటు చెప్పిన మాటను బయటపెట్టకుండా సాక్ష్య చట్టం ఇచ్చే రక్షణ అడ్వకేటుకు, ఆయన గుమాస్తాకు, ఉద్యోగికి, దుబాసీకి ఉంది. విద్యార్థి పేరు అందులో లేదు. క్రిమినల్ కేసులో నిందితులైతే జరిగింది ప్యానల్ లాయరుకే చెప్పండి, క్లినిక్‌లో కాదు. గృహహింస బాధితులు కూడా తలుపు వేసుకుని మాట్లాడే గది ఉందో లేదో చూసుకోండి. తరగతి గది మూలలో బల్ల వేసి నడిపే క్లినిక్‌లో ఆ విషయాలు విప్పకపోవడమే మేలు.

బయలుదేరే ముందు కాలేజీకి ఫోన్ చేసి వారంలో ఏ రోజుల్లో తెరుస్తారో, పరీక్షలు ఎప్పుడో, ప్యానల్ లాయరు ఏ రోజు వస్తారో కనుక్కోండి. మూడో ప్రశ్నకు జవాబు తడబడితే కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార కమిటీకే నేరుగా వెళ్లండి, లేదా న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.