పోస్ట్‌గ్రెస్‌తో ఎనిమిదేళ్ల కాపురం

డేటాబేస్‌లు చూసుకునే పని ఒరాకిల్ మీద నేర్చుకున్నవాణ్ణి. లైసెన్సుల ఖర్చు ఎక్కువైందని 2017లో పైవాళ్లు గోల పెడితే ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారాం. అప్పుడు వెర్షన్ 9.6, ఇప్పుడు 16. ఇన్నేళ్లలో డేటా పోయిందని ఎవరి ముందూ తల దించుకోలేదు. కరెంటు పోయి సర్వర్ ఉన్నపళంగా పడిపోయిన రోజు కూడా వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్) తిరగేసుకుని తనంతట తానే లేచి కూర్చుంది. గొడవంతా చెత్త ఊడ్చే దగ్గరే.

ఒరాకిల్‌లో పాత విలువలు అన్‌డూ అనే విడి చోటులోకి పోతాయి. ఇక్కడ ఒక వరుసను అప్‌డేట్ చేస్తే కొత్తది పక్కన రాసి, పాతది అదే టేబుల్‌లో చచ్చిన వరుసగా పడుంటుంది. ఆటోవాక్యూమ్ అని దానంతటదే నడిచే ప్రాసెస్ వచ్చి ఊడ్చాలి. అది ఎప్పుడొస్తుందంటే, మామూలు సెట్టింగ్‌లో టేబుల్‌లో 20 శాతం (పైన ఇంకో 50 వరుసలు) పాడయ్యాక. చిన్న టేబుల్‌కి పర్లేదు గానీ 50 కోట్ల వరుసలున్న టేబుల్‌లో 10 కోట్లు చచ్చేదాకా చీపురు పట్టదన్నమాట. పెద్ద టేబుళ్లకు విడిగా ఆ 20 శాతం బదులు 0.01, అంటే 1 శాతం, పెట్టుకోవడం నేను మొదట చేసే పని.

అది పెట్టినా ఒక సంక్రాంతికి దొరికిపోయాను. కనుమ రోజు రాత్రి డిస్క్ 91 శాతం అని అలర్ట్. చూస్తే 38 జీబీ ఉండాల్సిన ఆర్డర్ల టేబుల్ 140 దాటింది. ఆటోవాక్యూమ్ ఆగలేదు, నిమిషానికోసారి వస్తోంది, పోతోంది, లాగ్‌లో మాత్రం ప్రతిసారీ అదే మాట, చచ్చాయి గానీ ఇప్పుడే తీయలేను అని. ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరిచి ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్ ప్రకారం వరుస పెడితే పైనే ఉంది, భోగికి ముందురోజు మధ్యాహ్నం మొదలై 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్'లో, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే, కూర్చున్న సెషన్. మా టీమ్ కుర్రాడిది. జంప్ సర్వర్‌లో (మిగతా సర్వర్లలోకి వెళ్లే దారి) స్క్రీన్ (మనం వెళ్లిపోయినా సెషన్‌ని బతికించే టూల్) తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే బిగిన్ కొట్టి, ఒక్క వరుస అప్‌డేట్ చేసి, బస్సుకి టైమైందని ఊరెళ్లిపోయాడు. అలా ట్రాన్సాక్షన్ తెరిచి ఉన్నంతసేపూ దాని తర్వాత చచ్చిన వరుసల్ని వాక్యూమ్ తీయలేదు. ఫోన్ చేస్తే వెనకాల కోడిపందేల అరుపులు, "అన్నా, కమిట్ కొట్టాననే అనుకున్నా." వాణ్ణి ఏమంటాం.

సెషన్‌ని టెర్మినేట్ చేశాక వాక్యూమ్ గంటన్నరలో ఊడ్చేసింది. కానీ టేబుల్ సైజు తగ్గలేదు, కొత్తగా వచ్చేవాళ్లు కంగారుపడేది ఇక్కడే. వాక్యూమ్ లోపల చోటు ఖాళీ చేస్తుంది అంతే, ఆ చోటు డిస్క్‌కి తిరిగి రావడం అరుదు. వాక్యూమ్ ఫుల్ కొడితే వస్తుంది గానీ అయ్యేదాకా ఆ టేబుల్‌ని ఎవరూ చదవలేరు కూడా. అందుకే డిస్క్ పెంచి, ఆదివారం తెల్లవారుజామున టేబుల్‌ని ఆపకుండా కొత్త కాపీ రాసే పీజీ రీప్యాక్ టూల్‌తో సర్దాను. దానికి కొత్త కాపీకి సరిపడా ఖాళీ కావాలి, డిస్క్ నిండాక గుర్తొస్తే లాభం లేదు.

ఇలాంటి సెషన్లను తనే తెంపేసే టైమవుట్ 9.6 నుంచే ఉంది, కానీ వచ్చేటప్పుడు ఆఫ్‌లో ఉంటుంది. ఎందుకో నాకు నేటికీ అర్థం కాదు. ఇప్పుడు మా దగ్గర పది నిమిషాలు. రెప్లికేషన్ స్లాట్ (రెప్లికాకి, అంటే నకలు సర్వర్‌కి, ఇంకా అందని వాల్ ఫైళ్లను దాచి ఉంచేది) కథ కూడా ఇంతే, రెప్లికా తీసేసి స్లాట్ మరిచిపోతే వాల్ ఫైళ్లు పేరుకుపోతూనే ఉంటాయి. దానికి హద్దు పెట్టే సెట్టింగ్ 13లో వచ్చింది, అదీ మనమే పెట్టుకోవాలి.

టేబుల్ రూపం మార్చే ఆల్టర్ టేబుల్ కొట్టే ముందు లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పేది) రెండు సెకన్లు పెట్టడం మరవకండి. ముందు ఏదో రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే మీ ఆల్టర్ దాని వెనక ఆగుతుంది, మీ వెనక వచ్చిన సెలెక్ట్‌లన్నీ మీ వెనక ఆగుతాయి, ఇక ఫోన్లు మొదలు.

కనెక్షన్‌కో ప్రాసెస్ కాబట్టి కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ లాంటిది లేకుండా పెద్ద యాప్ నడపలేం, అది నాకు నచ్చదు. క్వెరీని నడిపి అది ఎలా నడిచిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ మాత్రం అద్భుతం, ఏ మెట్టు దగ్గర అంచనా ఎక్కడ తప్పిందో అంకెలతో చూపిస్తుంది. మేజర్ అప్‌గ్రేడ్ అయ్యాక క్వెరీ ప్లాన్ వేయడానికి వాడే టేబుల్ గణాంకాలు పోయి, వాటిని మళ్లీ పోగుచేసే అనలైజ్ పూర్తయ్యేదాకా క్వెరీలు నత్తనడక నడవడం ఇంకో తలనొప్పి. 18లో అవి చాలావరకు వెంట వస్తాయి. దానికి మారదామని డౌన్‌టైమ్ అడిగి మూడు నెలలైంది, ఇంకా ఎవరూ పలకలేదు.