అమెరికా క్రెడిట్ ట్రాన్స్‌ఫర్‌కి కన్సల్టెన్సీలో డబ్బు కట్టే ముందు ఇది చదవండి

“క్రెడిట్స్ ట్రాన్స్‌ఫర్ అవుతాయన్నాం, అయ్యాయి కదండీ. ఏ గడిలో వేసుకుంటారో వాళ్లిష్టం. మాకేం సంబంధం?”

విశాఖ ద్వారకానగర్‌లో ఓ కన్సల్టెన్సీ కౌంటర్ దగ్గర ఈ ఉదయం మా అన్నయ్యకి దొరికిన జవాబు ఇది. 60 వేలు కట్టించుకున్న రోజు టీ తెప్పించి, “జెన్ ఎడ్ మొత్తం ఇక్కడే అయిపోయింది సార్, అబ్బాయి నేరుగా థర్డ్ ఇయర్‌లో కూర్చుంటాడు” అన్నదీ ఈ మనిషే. జెన్ ఎడ్ అంటే జనరల్ ఎడ్యుకేషన్, అక్కడ ఏ డిగ్రీ వాళ్లైనా చదవాల్సిన ఉమ్మడి సబ్జెక్టులు. ఇవాళ ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. పైగా, “చదువుకున్నోళ్లు, మీరు చూసుకోవద్దా?” అని ఎదురు ప్రశ్న. ఆ మాట ఇంకా చెవుల్లోంచి పోవట్లేదు.

అన్నయ్య కొడుకు ఇక్కడ బీటెక్ రెండేళ్లు చదివి టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి మారాడు. చేతికొచ్చిన ఇవాల్యుయేషన్ షీటులో 46 క్రెడిట్లు తీసుకున్నామని ఉంది. పై అంకె చూసి అందరం సంతోషించాం. కింద వరుసలు చూస్తే 16 మేజర్‌కి (అసలు బ్రాంచ్ సబ్జెక్టులకి), 27 ‘జనరల్ ఎలెక్టివ్’, అంటే ఏ తప్పనిసరి సబ్జెక్టుకీ బదులు కానివి. జనరల్ ఎడ్యుకేషన్ కింద చెల్లినవి 3. ఒక్క మ్యాథ్స్. ఇంజినీరింగ్ డిగ్రీలో ఖాళీ ఎలెక్టివ్‌లకు చోటే తక్కువ. ఆ 27లో చాలావరకు కాగితం మీద ఉంటాయి, డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకి జరపవు.

టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో కోర్, అంటే అక్కడి జెన్ ఎడ్, 42 క్రెడిట్లు. అందులో అమెరికా చరిత్ర 6, ప్రభుత్వం-రాజ్యాంగం 6, అదీ అమెరికాదీ టెక్సస్‌దీ. ఈ 12 చట్టం పెట్టిన షరతు. మన బీటెక్ సబ్జెక్టులు వీటికి సరిపోవు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న డిగ్రీ విద్యార్థి సెమిస్టర్‌కి మామూలుగా తీసుకోవాల్సిన కనీసం కూడా 12 క్రెడిట్లే. అంటే నిండా ఒక సెమిస్టర్ ఫీజు. “జెన్ ఎడ్ మొత్తం అయిపోయింది” అని టెక్సస్ వెళ్లే పిల్లాడికి చెప్పినవాడు తెలియక చెప్పినా తప్పే, తెలిసి చెప్తే మోసం.

మిగతాది వాళ్ల నిర్లక్ష్యం. మన చదువుని అక్కడి లెక్కలోకి మార్చి రిపోర్టు ఇచ్చే సంస్థలు ఉంటాయి. ఫైల్ తెప్పించి చూస్తే ముందు డాక్యుమెంట్-బై-డాక్యుమెంట్ రిపోర్టుకి కట్టారు. ‘ఫలానా చదువు అక్కడ ఫలానా దానితో సమానం’ అని చెప్పే రిపోర్టు అది. సబ్జెక్టు వారీగా క్రెడిట్లు, గ్రేడ్లు ఉండాలంటే కోర్స్-బై-కోర్స్ తీసుకోవాలి. దానికి మళ్లీ మా దగ్గరే వసూలు చేశారు.

సిలబస్ ఇంకో ఘోరం. అబ్బాయిది ఆర్23 రెగ్యులేషన్ (2023 బ్యాచ్ నుంచి వచ్చిన సిలబస్), పంపింది అంతకుముందున్న ఆర్20 కాపీ. మెమోలో ఉన్న పేర్లకీ సిలబస్‌లో పేర్లకీ పొంతన లేకపోతే చూసేవాళ్లు ఎందుకు నమ్ముతారు? ఫిజిక్స్ చూడండి. మన మెమోలో థియరీ ఒక లైను, ల్యాబ్ ఇంకో లైను. అక్కడ సైన్స్ కోర్సు చాలాచోట్ల ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్లు. వీళ్లు థియరీ సిలబస్ ఒక్కటే పంపారు. ఏ ప్రయోగాలు, వారానికి ఎన్ని గంటలు అన్న కాగితం లేదు. ఫిజిక్స్ వెళ్లి ఎలెక్టివ్‌లో పడింది. కష్టపడి తెచ్చుకున్న మార్కులవి.

ఇంగ్లీష్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి ఫస్ట్ ఇయర్ కాంపోజిషన్ అంటే వ్యాసాలు రాయడం, దిద్దించుకుని తిరగరాయడం, ఆధారాలు చూపిస్తూ పరిశోధన వ్యాసం ఇవ్వడం. మన కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ ఆ లెక్కకి రావడం కష్టం. దాన్ని నమ్ముకోకండి. మెమోలో సున్నా క్రెడిట్లున్న ఆడిట్ సబ్జెక్టుల మీద ఆశ అసలే వద్దు.

మా తప్పూ ఉంది. ‘ఎన్ని తీసుకుంటారు’ అని పదిసార్లు అడిగాం. ‘దేని కింద చెల్లుతాయి’ అని ఒక్కసారీ అడగలేదు.

వెళ్లబోయేవాళ్లు డబ్బు కట్టకముందే ఆ కాలేజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి మీరే మెయిల్ పెట్టండి. మెమోలు, మీ రెగ్యులేషన్ సిలబస్, ల్యాబ్ సిలబస్ జతచేసి, ఏ సబ్జెక్టు ఏ అవసరం తీరుస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఏ రిపోర్టు కావాలో, ఏ సంస్థది ఒప్పుకుంటారో వాళ్లే చెప్తారు. ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్‌లో కావాలంటే కవర్ విప్పకండి. సీ కంటే తక్కువ గ్రేడు చాలాచోట్ల తీసుకోరు. ఇప్పటికే అక్కడ చేరిపోయినవాళ్లు డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పట్టిక) తీయించుకుని, ఎలెక్టివ్‌లో పడ్డ ప్రతి సబ్జెక్టుకీ సరైన సిలబస్ పట్టుకుని మళ్లీ చూడమని అడగండి. మా వాడు ఫిజిక్స్‌కి ఆ అర్జీ ఈ వారమే పెడుతున్నాడు.