ఎరెవాన్‌లో తివాచీ తిరగేసిన మా ఆవిడ

మావాడు ఎరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు, అలా కుదిరింది మాకు ఆర్మేనియా. ఊరు బాగుంది, గది రాత్రికి 16,000 ద్రామ్‌లు (అక్కడి డబ్బు), పేచీ లేదు. నా కడుపుమంటంతా ఒక ఉన్ని గుడ్డ గురించి.

రెండో రోజు 22,000కి కారు మాట్లాడుకుని అర్తషావాన్ వెళ్లాం. అరగాత్స్ కొండ వాలులో 39 రాతి అక్షరాలు, ఆర్మేనియన్ అక్షరమాల అంతా. మెస్రోప్ మష్తోత్స్ అనే పండితుడు 405లో ఆ లిపి కూర్చి 1,600 ఏళ్లయిందని 2005లో నిలబెట్టారు. చూసి తీరాలి, చెవులకు మఫ్లర్ కట్టుకుని మరీ. తిరుగుదారిలో డ్రైవరు "మావాళ్లదే" అంటూ ఒక కొట్టు ముందు ఆపాడు. గోడకు వేలాడదీసే ఎర్రటి ఉన్ని నేత, మీద అక్షరమాల మొత్తం. చేతి నేతేనన్నారు. 35,000 పోశాను. చలికి మా ఆవిడ కారు దిగలేదు. అదే కొంప ముంచింది.

గదికొచ్చాక తిరగేసి చూసింది. వాళ్లది వరంగల్ కొత్తవాడ, జంపఖానాల మగ్గాల మధ్య పెరిగిన మనిషి. "ఈ కుచ్చులు చూడండి, కుట్టి అతికించారు. చేత్తో నేస్తే పడుగు పోగులే చివర కుచ్చులవుతాయి. మిషన్ సరుకు అంటగట్టాడు మీకు." మర్నాడు వెనక్కివ్వబోతే బిల్లు తెమ్మన్నారు. ఇస్తే కదా! ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఇద్దరికీ మాటల్లేవు, పిల్లాడే అటూ ఇటూ గిన్నెలు అందించాడు.

శనివారం వెర్నిసాజ్ సంతకు ఆవిడే ముందు నడిచింది. రిపబ్లిక్ స్క్వేర్ మెట్రోకు దగ్గరే. ముళ్లు వేసి నేసిన ఒత్తు తివాచీని వాళ్లు గోర్గ్ అంటారు, చదును నేతని కార్పెట్ అంటారు. అంటే ఉన్ని జంపఖానా అన్నమాట. ఒక పెద్దమ్మ దగ్గర అక్షరాలున్న కార్పెట్‌నొకదాన్ని మా ఆవిడ మళ్లీ తిరగేసింది. రెండు వైపులా ఒకటే బొమ్మ, రంగులు కలిసే చోట సన్నటి చీలికలు, అక్షరాల వంపులన్నీ మెట్లు మెట్లుగా. (మన గుండ్రటి అక్షరాలైతే నేతగాడు మగ్గం వదిలి పారిపోయేవాడు.) తడి రుమాలుతో రుద్దితే రంగంటలేదు. మావాడు లెక్కపెట్టి మూడక్షరాలు తక్కువన్నాడు. మష్తోత్స్ కూర్చినవి 36, మిగతావి తర్వాత చేరినవట, అందుకే పెద్దమ్మ అన్నే నేసిందట. 60,000 చెప్పి 48,000కి ఇచ్చింది, మన డబ్బుల్లో పదివేల పైచిలుకు. బిల్లు అడక్కుండానే రాసిచ్చింది.

ఆ మొదటిదాన్ని కాళ్లు తుడుచుకోడానికి వేద్దామన్నాను. "అక్షరాలండీ!" అని కసిరింది. మావాడి అల్మారా మీద చుట్టి పెట్టాం.